గిరిజన ప్రాంతాలలో మానసిక, ప్రవర్తనా రుగ్మతల ముందస్తు నివారణ: గుమ్మలక్ష్మీపురం మన్యం నేపథ్యం

పార్వతీపురం మన్యం జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకొని ఉన్న గుమ్మలక్ష్మీపురం మండలం సవర, జాతాపు, గదబ తదితర గిరిజన తెగల నివాస ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది విజయనగరం జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. పార్వతీపురం కేంద్రంగా పనిచేసే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఈ మండలం నుంచి వెలువడే ఆరోగ్య వార్తలు సాధారణంగా మలేరియాకో, రక్తహీనతకో, డోలీ మోతలకో సంబంధించినవై ఉంటాయి. మనసుకు సంబంధించిన అనారోగ్యం వార్త కావడం అరుదు. అయినప్పుడు అది ఆత్మహత్య వార్తగానో, సారా మత్తులో జరిగిన కొట్లాట వార్తగానో వస్తుంది. అనగా, నివారణకు అవకాశమున్న దశలన్నీ దాటిపోయిన తరువాతనే వస్తుంది. ఆ దశలు ఏవి, ఒక్కొక్క దశలో ఎవరు ఏమి చేయగలరు అన్న సమాచారాన్ని పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

నివారణ అంటే ఏమి?

అంటువ్యాధుల విషయంలో నివారణ అన్న మాటకు అర్థం అందరికీ తెలిసినదే. టీకా వేయడం, దోమతెర ఇవ్వడం, నీటిని క్లోరినేషన్ చేయడం వంటివి అందులోకి వస్తాయి. మానసిక రుగ్మతలకు అటువంటి టీకా లేదు. కావున వైద్యనిపుణులు నివారణను మూడు అంచెలుగా చూస్తున్నారు. మొదటిది ఊరందరికీ వర్తించేది. బడిలో జీవన నైపుణ్యాల బోధన, మద్యం లభ్యతపై నియంత్రణ ఇందుకు ఉదాహరణలు. రెండవది ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాలకు ఉద్దేశించినది. బాలింతలు, ఇల్లు విడిచి వసతి గృహానికి వచ్చిన చిన్నపిల్లలు, ఆత్మీయులను కోల్పోయిన కుటుంబాలు, సికిల్ సెల్ వంటి దీర్ఘవ్యాధులతో బాధపడేవారు ఈ కోవకు వస్తారు. మూడవది, వ్యాధి ఇంకా ముదరకముందే తొలి లక్షణాలు కనిపించిన వ్యక్తికి అందించే సహాయం. అమెరికాకు చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1994లో ఈ వర్గీకరణను స్థిరపరచినది. మన్యంలో మూడవ అంచె పనిచేయాలంటే మనోవైద్య నిపుణుడు కొండ ఎక్కి రానవసరం లేదు. లక్షణాన్ని గుర్తించగల మనిషి ఊళ్లో ఉండవలెను.

తొందరపడవలసిన కారణం వయసులో ఉన్నది. 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం, మానసిక రుగ్మతలలో మూడింట ఒక వంతుకు పైగా 14 ఏళ్లలోపు, దాదాపు సగం 18 ఏళ్లలోపు, అరవై శాతానికి పైగా 25 ఏళ్లలోపు మొదలవుతున్నవి. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, సర్వే నాటికి వయోజనులలో 10.6 శాతం మందికి, 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలినది. సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవారిలో 85 శాతం మంది, మద్యపాన రుగ్మత ఉన్నవారిలో 86 శాతానికి పైగా చికిత్సకు నోచుకోలేదు. ఆ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు. కనుక ఈ శాతాలను మండల జనాభాతో హెచ్చవేసి "మన్యంలో ఇన్ని వేల మంది రోగులు" అని ప్రచురించడం సమంజసం కాదని విలేఖరులు గమనించగలరు.

పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల అనుభవం

ముందస్తు గుర్తింపు గిరిజన గ్రామాలలో సాధ్యమా అన్న ప్రశ్నకు మన రాష్ట్రంలోనే సమాధానం లభించినది. ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ "స్మార్ట్ మెంటల్ హెల్త్" పేరుతో ఒక ప్రాజెక్టును అమలు చేసినది. దాని ఫలితాలు 2017లో ప్రచురితమైనవి. ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, చేతికి ఒక ట్యాబ్ అందజేశారు. వారు ఇంటింటికీ వెళ్లి, దిగులుకు సంబంధించి తొమ్మిది ప్రశ్నలు, ఆందోళనకు సంబంధించి ఏడు ప్రశ్నలు అడిగి జవాబులను నమోదు చేశారు. పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 అని పిలువబడే ఈ ప్రశ్నావళులు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నవే. ముప్పు కనిపించిన వ్యక్తి వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి ట్యాబ్‌కు చేరేవి. చికిత్స మొదలైన తరువాత ఎవరిని ముందుగా తిరిగి కలవవలెనో ఆశా కార్యకర్తకు రంగుల గుర్తులతో తెలిసే ఏర్పాటు ఉండేది. సర్వేకు ముందే మానసిక రోగులపై ఉన్న చిన్నచూపును తొలగించేందుకు నాటక ప్రదర్శనలు, వీడియోలు, ఇంటింటి ప్రచారం నిర్వహించారు.

సుమారు ఐదు వేల మంది వయోజనులను ఈ విధంగా పరీక్షించగా 238 మందిలో ముప్పు లక్షణాలు కనిపించినవి. వారిలో అంతకు మునుపు మానసిక ఆరోగ్య సేవలు పొందినవారు కేవలం ఇద్దరు, అనగా 0.8 శాతం. ప్రాజెక్టు తరువాత ఆ నిష్పత్తి 12.6 శాతానికి పెరిగినది. పెరుగుదల చెప్పుకోదగినదే అయినప్పటికీ, గుర్తించబడిన ప్రతి ఎనిమిది మందిలో ఏడుగురు అప్పటికీ ఆసుపత్రి గడప తొక్కలేదన్న సంగతి మరువరాదు. గుర్తించిన మాత్రాన పని పూర్తి కాదు. రోజు కూలి పోవడం, బస్సు లేకపోవడం, "పిచ్చి" అన్న ముద్ర పడుతుందన్న భయం, ఈ మూడూ గుర్తింపుకు, చికిత్సకు మధ్య అడ్డుపడుతున్నవి.

ఇదే పద్ధతిని తరువాత పశ్చిమ గోదావరిలోను, హర్యానాలోను కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో శాస్త్రీయంగా పోల్చి చూశారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, ముప్పు ఉన్నవారిలో ఏడాది తరువాత దిగులు వ్యాధి నుంచి బయటపడినవారు ఈ పద్ధతి అమలైన చోట సుమారు నాలుగింట మూడు వంతులు. మామూలు సేవలు మాత్రమే అందిన చోట సుమారు సగం. ఈ అధ్యయనం ఎక్కడో విదేశాలలో, అదనపు సిబ్బందితో జరిగినది కాదు. మన ఆశా కార్యకర్తలు, మన వైద్యాధికారులే దీనిని నడిపించారు.

గర్భిణులు, బాలింతలు

గర్భిణులలో సుమారు పది శాతం మందికి, ప్రసవానంతరం 13 శాతం మందికి మానసిక రుగ్మత, ముఖ్యంగా దిగులు వ్యాధి, వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. వర్ధమాన దేశాలలో ఈ నిష్పత్తి ఇంకా ఎక్కువ. తల్లి దిగులు బిడ్డ బరువు మీద, తల్లిపాల మీద, టీకాల హాజరు మీద ప్రభావం చూపుతుంది. అందువలన ఒకే సమయంలో ఇద్దరికి మేలు చేయగల అవకాశం ఇక్కడ ఉన్నది.

ఈ విషయంలో గుమ్మలక్ష్మీపురానికి ఒక ప్రత్యేకమైన సౌకర్యం సమకూరినది. రహదారి లేని కొండ శిఖర గ్రామాల గర్భిణులను ప్రసవ సమయానికి ముందుగానే తీసుకువచ్చి, భోజన వసతులతో ఉంచే గిరిశిఖర గర్భిణుల వసతి గృహాన్ని పార్వతీపురం ఐటీడీఏ 2018లో సాలూరులో ప్రారంభించినది. తదుపరి గుమ్మలక్ష్మీపురంలోనూ అటువంటి గృహం ఏర్పాటైనది. ప్రసవం మార్గమధ్యంలో జరిగిపోయే ప్రమాదాన్ని తప్పించడం దీని ఉద్దేశం. అయితే ఇల్లు, పెద్దబిడ్డలు, పోడు పనులు విడిచి వారాల తరబడి ఒకే చోట ఉండే గర్భిణులతో మాట్లాడేందుకు ఇంతకు మించిన అనువైన స్థలం మరొకటి ఉండదు. ప్రసవానంతర దిగులును కనిపెట్టేందుకు 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. వాటిని సవర భాషలో నోటిమాటగా అడగగల మహిళ ఒకరు ఉంటే, కాగితం కూడా అవసరం లేదు.

అడిగిన తరువాత ఏమి చేయవలెను అన్నదానికి రెండు దృష్టాంతాలు ఉన్నవి. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాలలో దిగులుతో ఉన్న గర్భిణుల వద్దకు అక్కడి లేడీ హెల్త్ వర్కర్లు క్రమం తప్పక వెళ్లి, ఆలోచనా సరళిని మార్చే సంభాషణలు జరిపారు. 2008లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ప్రసవమైన ఆరు నెలలకు దిగులు వ్యాధి కొనసాగినవారు ఆ గ్రామాలలో 23 శాతం కాగా, పోలిక కోసం ఎంచుకున్న గ్రామాలలో 53 శాతం. రెండవ దృష్టాంతం మనకు మరింత దగ్గరిది. జార్ఖండ్, ఒడిశా రాష్ట్రాల గిరిజన గ్రామాలలో ఏక్‌జుట్ అనే సంస్థ మహిళా బృందాలను ఏర్పరచి, నెలకొకసారి సమావేశపరచినది. బొమ్మలు, కథల సహాయంతో పురిటి కష్టాలను చర్చించుకొని, పరిష్కారాలను వారే నిర్ణయించుకొనేవారు. నవజాత శిశు మరణాలను తగ్గించడం దాని ప్రధాన లక్ష్యం. 2010లో వెలువడిన నివేదిక ప్రకారం మూడేళ్లలో అవి 32 శాతం తగ్గినవి. దానితోపాటు మూడవ ఏడాదిలో తల్లులలో ఒక మోస్తరు స్థాయి దిగులు 57 శాతం తక్కువగా నమోదైనది. దిగులుకు ఎవరూ మందు ఇవ్వలేదు. తన కష్టాన్ని నలుగురి ఎదుట చెప్పుకొనే చోటు, ఆదుకొనే తోటివారు దొరకడమే కారణమని పరిశోధకులు భావించారు. మన మన్యంలో పొదుపు సంఘాల సమావేశాలు ఏనాటి నుంచో జరుగుతున్నవి. వాటిలో కిస్తీల లెక్కలతోపాటు ఈ మాటలకు కూడా అరగంట కేటాయించడానికి ప్రత్యేక బడ్జెట్ అక్కరలేదని ఈ రచయిత అభిప్రాయం.

ఆశ్రమ పాఠశాలలు

మన్యంలో బాల్యానికి, ఆశ్రమ పాఠశాలకు విడదీయరాని సంబంధం ఉన్నది. బడికి వెళ్లే వయసు రాగానే తల్లిదండ్రులను, ఊరిని, తరచు భాషను కూడా విడిచి రావలసి ఉన్నది. ఇంటిలో సవర లేదా కువి మాట్లాడే బిడ్డకు తెలుగు బోధన ఒక్కసారిగా ఎదురైతే, మౌనంగా ఉండిపోవడం సహజం. ఆ మౌనాన్ని "మందబుద్ధి" అని పొరబడుతున్న సందర్భాలు లేకపోలేదు. 2000 దశకం మధ్యలో అప్పటి ప్రభుత్వం సవర, కువి సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్యను ప్రారంభించడానికి చదువుతోపాటు ఈ మనోభారాన్ని తగ్గించడం కూడా ఒక కారణంగా చెప్పుకోవచ్చును. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి రూపొందించిన వ్యాకరణం, నిఘంటువు 1930 దశకంలోనే అచ్చయినవి. అయినను ఇన్ని దశాబ్దాల తరువాత కూడా సవర తెలిసిన ఆరోగ్య సలహాదారు కోసం వెదకవలసి రావడం ఆలోచించదగిన విషయం.

వార్డెన్లు, ఉపాధ్యాయులు గమనించవలసిన తొలి సంకేతాలు కొన్ని ఉన్నవి. పక్క తడపడం మానిన పిల్లవాడు మళ్లీ మొదలుపెట్టడం, కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి తరచుగా రావడం, తిండి తగ్గడం, చెప్పకుండా ఇంటికి వెళ్లిపోవడం, స్నేహితులతో మాట మానడం, చేతులపై గాయాలు చేసుకోవడం వాటిలో ముఖ్యమైనవి. సెలవుల తరువాత తిరిగి వచ్చిన మొదటి రెండు వారాలు ప్రత్యేకించి గమనించవలసిన కాలం. పారిపోయిన పిల్లవానిని వెనుకకు తెచ్చి శిక్షించడం వల్ల అసలు కారణం మరుగున పడిపోతుంది. అది ఇంటిపై బెంగ కావచ్చు, తోటి విద్యార్థుల వేధింపు కావచ్చు, అంతకంటె తీవ్రమైన అఘాయిత్యమూ కావచ్చు. చివరి సందర్భంలో పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం సిబ్బంది బాధ్యత. సంస్థ పరువు అన్న ఆలోచనకు అక్కడ తావు లేదు.

రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరిలోను, ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020 ఫిబ్రవరిలోను ప్రారంభమైనవి. కౌమార మానసిక ఆరోగ్యం ఈ రెండింటిలోను భాగమే. కావున ఆశ్రమ పాఠశాలల ప్రధానోపాధ్యాయులు కొత్త పథకం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు.

సారా, గంజాయి

కల్లు, ఇప్పసారా గిరిజనుల పండుగలలో, పెళ్లిళ్లలో, చావు కర్మలలో భాగం. ఆచారంగా తాగడం వేరు, వ్యసనం వేరు అన్న భేదాన్ని అధికారులు గుర్తించకపోతే ప్రజలు మాట వినడం మానివేస్తారు. నేడు సమస్య జీలుగు కల్లుతో కాక, దుకాణపు మద్యం, నాటుసారాలు రోజువారీ అలవాటుగా మారడంతో వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళిలోని పది ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టి, 8 లేదా అంతకు మించి మార్కులు వచ్చినవారికి ఐదు పది నిమిషాల సూటి సలహా ఇవ్వడమే తొలి చికిత్స. ఎంత తాగుతున్నాడో అతనికే లెక్క చూపడం, తగ్గించే నిర్ణయాన్ని అతనికే వదలివేయడం, నెలకు తిరిగి వచ్చి అడగడం దీని సారాంశం. ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛ, సన్నిపాతం వచ్చే ప్రమాదమున్నది. వారిని ఆసుపత్రిలోనే మాన్పించవలెను. ప్రమాణాలు చేయించి మాన్పించే ఊళ్లలో ఈ జాగ్రత్త ముఖ్యం.

రాష్ట్రంలో 1992 నాటి దూబగుంట మహిళల పోరాటం, 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని ఎత్తివేత పాఠకులకు తెలిసినవే. నిషేధంతో లభ్యత తగ్గుతుంది గాని, అలవాటు పడినవారికి చికిత్స లభించదని ఆ అనుభవం చెబుతున్నది.

గంజాయి విషయానికి వస్తే, 15, 16 ఏళ్లకే మొదలుపెట్టిన వారికి తీవ్ర మానసిక వ్యాధి వచ్చే ముప్పు హెచ్చని పలు దేశాల అధ్యయనాలు నిర్ధారించినవి. కుటుంబంలో అప్పటికే అటువంటి వ్యాధి ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. మన్యం యువకులు మూటలు మోసి పట్టుబడినప్పుడు అది కేసుగా నమోదవుతుంది. మోసేవాడే వాడకందారు కూడా అయినప్పుడు అతనికి వైద్యం ఎవరు చేయిస్తారన్న ప్రశ్న తరచుగా మిగిలిపోతున్నది. మాదకద్రవ్యాల చట్టం (1985)లోనే స్వచ్ఛందంగా చికిత్స కోరే వాడకందారులకు రక్షణ కల్పించే నిబంధన ఉన్నది.

ఆత్మహత్యల నివారణ

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం, 2030 నాటికి ఈ మరణాలను పది శాతం తగ్గించాలని నిర్దేశించినది. గ్రామీణ ప్రాంతాలలో క్షణికావేశంలో తీసుకునే నిర్ణయాలు ఎక్కువ. ఆ క్షణంలో చేతికి పురుగుమందు అందకపోతే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంక అతి విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించి, రెండు దశాబ్దాలలో ఆత్మహత్యల రేటును సుమారు 70 శాతం తగ్గించుకొన్నది. ఇళ్లకు తాళం పెట్టెలు పంచిన ప్రయోగం అదే దేశంలో ఆశించిన ఫలితం ఇవ్వలేదని 2017లో వెల్లడైనది. పెట్టెల పంపిణీ ఫోటోలకు బాగుంటుంది గాని, నియంత్రణ దుకాణం వద్దనే మొదలు కావలెను.

సంప్రదాయ పెద్దల పాత్ర

కొండ గ్రామాలలో మనసు బాగాలేనివారిని ముందుగా చూపేది దిసరికి లేదా ఎజ్జోడికి. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయడం వల్ల రోగి ఆసుపత్రికి మరింత దూరమవుతున్నాడు. ఒడిశా సవరలలో మరణించినవారితో బంధువులు మాట్లాడే ఆచారంపై పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ప్రచురించిన గ్రంథం, ఆ సంభాషణలు దుఃఖాన్ని క్రమంగా తగ్గించే పద్ధతులుగా కూడా పనిచేస్తున్నాయని వివరించినది. పూజను ఆపమనక, పూజతోపాటు మందు కూడా వాడమని ఆ పెద్దల చేతనే చెప్పించడం ఫలవంతమైన మార్గం. అయితే గొలుసులతో కట్టివేయడం, వాతలు పెట్టడం కనిపించినప్పుడు మొహమాటపడరాదు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని చట్టం నిషేధించినది.

చట్టం, సేవలు

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో ప్రారంభమైనది. దాని కింద 1996లో జిల్లా కార్యక్రమం మొదలైనప్పుడు ఎంపికైన తొలి నాలుగు జిల్లాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 29వ సెక్షన్, నివారణ కార్యక్రమాలను చేపట్టడం ప్రభుత్వ విధి అని స్పష్టం చేసినది. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, విచారణకు బదులు సంరక్షణ కల్పించవలెను. "పోలీసు కేసు అవుతుంది" అన్న భయంతో ఆసుపత్రికి తీసుకురావడం ఆలస్యం చేసే కుటుంబాలకు ఈ విషయం తెలియజేయడం అవసరం.

పార్వతీపురం మన్యంలో ప్రాథమిక స్థాయి సేవలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను, భద్రగిరిలోని సామాజిక ఆరోగ్య కేంద్రాన్ని, తదుపరి స్థాయికి విజయనగరంలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలను, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయాన్ని ఆశ్రయించవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్లు తెలుగులో కూడా ఉచితంగా లభిస్తున్నది. సెల్ సిగ్నల్ అందని కొండ గ్రామాలలో ఈ నంబరును గోడ మీద రాయించినంత మాత్రాన సరిపోదు. ఆశా కార్యకర్త లేదా గ్రామ సచివాలయ సిబ్బంది సిగ్నల్ ఉన్న చోటికి వెంట తీసుకువెళ్లి మాట్లాడించవలెను.

పాత్రికేయులకు

మానసిక చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోను, వివరాలను అతని సమ్మతి లేకుండా ప్రచురించడం 2017 చట్టంలోని 24వ సెక్షన్‌కు విరుద్ధం. ఆత్మహత్యల వార్తలపై భారత ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీ చేసినది. వాటి ప్రకారం వార్తను ప్రస్ఫుటమైన స్థానంలో వేయడం, పద్ధతిని వర్ణించడం, స్థలాన్ని పేర్కొనడం, ఒకే కారణాన్ని ఆపాదించడం, శీర్షికలో ఉద్రేకపూరిత పదాలు వాడడం కూడదు. వసతి గృహాల బాలబాలికల పేర్లు, ముఖాలు, బడి పేరుతో సహా గుర్తింపునకు వీలు కల్పించే వివరాలను బాలల న్యాయ చట్టం ప్రకారం వెల్లడించరాదు. ప్రతి వార్త చివర ఈ దిగువ నంబర్లను తప్పనిసరిగా ప్రచురించవలసినదిగా కోరడమైనది.

టెలి-మానస్: 14416 లేదా 1800-89-14416. మద్యం, మాదకద్రవ్యాల వ్యసన విముక్తి సలహాలకు: 14446. గంజాయి, మాదకద్రవ్యాల రవాణాపై సమాచారానికి: 1972. బాలల సహాయానికి: 1098. అత్యవసర అంబులెన్సుకు: 108.